ప్రోగ్రాము లాస్ ఫైలుని నత్తలా చదువుతోందా: దేనితో కొలవాలి, ఎలా చదివించాలి

చీమకుర్తిలో ఒక గెలాక్సీ గ్రానైట్ క్వారీకి నెలనెలా డ్రోన్ సర్వే జరుగుతుంది. గుంట ఎంత దిగింది, డంపులో పనికిరాని రాయి ఎంత పెరిగింది అన్నది క్యూబిక్ మీటర్లలో తేల్చాలి. ఆ లెక్క తీసే చిన్న ప్రోగ్రాము నేను రాసిందే. (భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు ఆ రాయిని గ్రానైట్ అనరు, గాబ్రో అంటారు. వ్యాపారంలో మాత్రం నల్లగా మెరిస్తే గ్రానైటే.) మొదటి నెల సర్వేయరన్న ఒంగోలులో కర్నూలు రోడ్డు మీదున్న మా గదికి పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. ఫైలు ఇచ్చి, టీ చెప్పి, టీ తాగి, గ్లాసు కింద పెట్టి, “ఏంది తమ్ముడా, ఇంకా తిరగతానే ఉందే?” అన్నాడు. స్క్రీను మీద గుండ్రం నిజంగానే తిరుగుతోంది.

ఆ గుండ్రాన్ని ఆపాలంటే రెండు చోట్ల ఎంచుకోవాలి. ప్రోగ్రాము ఎక్కడ నానుస్తోందో దేనితో కొలవాలన్నది ఒకటి. ఫైలును ఏ పద్ధతిలో చదివించాలన్నది రెండోది. మనలో చాలామంది రెండోదానితో మొదలుపెడతాం. నేనూ అలాగే మొదలుపెట్టి నాలుగు రోజులు పోగొట్టుకున్నాను.

ముందు ఫైలు సంగతి

డ్రోన్ ఫోటోల నుంచి తయారైన పాయింట్లను (నేల మీద ఒక్కో చుక్క ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో చెప్పేవి) లాస్ అనే ఫార్మాట్‌లో ఇస్తారు. క్వారీ మేనేజరు ఆ పేరు విని “లాస్ ఫైలేంది, ప్రాఫిట్ ఫైలు లేదా?” అన్నాడు. ఇది బైనరీ ఫైలు. మొదట ఎల్, ఏ, ఎస్, ఎఫ్ అని 4 అక్షరాలుంటాయి. 1.2 వెర్షన్‌లో హెడర్ 227 బైట్లు, 1.4లో 375. పాయింట్లు ఎక్కడ మొదలవుతాయో 96వ బైటు దగ్గర, ఒక్కో పాయింటు పొడవు ఎంతో 105వ బైటు దగ్గర రాసి ఉంటుంది. రంగు కూడా ఉండే 2వ రకం రికార్డయితే పాయింటుకు 26 బైట్లు. ఎక్స్, వై, జడ్ తలా 4 బైట్లు, మధ్యలో చిన్నచిన్న ఫీల్డులు, చివర ఎరుపు, ఆకుపచ్చ, నీలం తలా 2. మొత్తం 12 ఫీల్డులు. ఎక్స్, వై, జడ్‌లు పూర్ణాంకాలుగా ఉంటాయి. హెడర్‌లో ఉన్న స్కేలుతో గుణించి ఆఫ్‌సెట్ కలిపితేనే మీటర్లవుతాయి.

10 కోట్ల పాయింట్ల ఫైలు అనుకుందాం. 260 కోట్ల బైట్లు, అంటే 2.6 జీబీ. కింద లెక్కలన్నీ ఈ ఫైలు మీదే.

దేనితో కొలవాలి

అన్నిటికంటే చవకైనది టైమ్ కమాండ్. లినక్స్‌లో ప్రోగ్రాము పేరు ముందు టైమ్ అని పెట్టి నడిపితే మూడు అంకెలు వస్తాయి. రియల్ అంటే గడియారం చూసుకుంటే పట్టిన సమయం. యూజర్ అంటే మన కోడ్ కోసం ప్రాసెసర్ కష్టపడ్డ సమయం. సిస్ అంటే మన తరఫున కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పనిచేసిన సమయం. పెద్ద ప్రొఫైలర్ల (కోడ్‌లో ఏ భాగానికి ఎంత సమయం పోతోందో చెప్పే పనిముట్ల) జోలికి పోయే ముందు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రియల్ కొండంత ఉండి మిగతా రెండూ గోరంత ఉంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్కు కోసం ఎదురుచూస్తోందని అర్థం. సిస్ ఎక్కువైతే కెర్నెల్‌ని మాటిమాటికీ పిలుస్తున్నారని. యూజర్ ఎక్కువైతేనే మీ కోడ్ లోపలికి తొంగి చూడాల్సిన పని.

మొదటి నెల మా ఫైలుకి రియల్ ఒక్కటే ఆకాశంలో ఉంది. కారణం పెన్‌డ్రైవ్. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లని పేరుకే. చేతికొచ్చేది 35 ఎంబీ అనుకున్నా 2,600 ఎంబీకి 74 సెకన్లు. ఏ అల్గారిథమ్ మార్చినా ఈ 74లో ఒక్క సెకను తగ్గదు. అదే ఫైలు ల్యాప్‌టాప్‌లోని సాటా ఎస్ఎస్‌డీలో ఉండి సెకనుకు 500 ఎంబీ వస్తే 5 సెకన్ల పైచిలుకు. మా ల్యాప్‌టాప్‌కి నీలం రంగు పోర్టు (వేగమైన యూఎస్‌బీ 3.0) రెండో పక్కన ఉంది, మేం గుచ్చింది నల్లదానికి. అంతే సంగతి.

ఇక్కడే ఇంకో మాయ ఉంది. అదే ఫైలును రెండోసారి చదివిస్తే ఒక్కసారిగా వేగం పెరుగుతుంది. అప్పుడే చేసిన మార్పు పనిచేసిందని సంబరపడతాం. నిజానికి మొదటిసారి చదివిన పేజీలను కెర్నెల్ ర్యామ్‌లో దాచుకుంది, రెండోసారి డిస్కు దాకా పోలేదు. చల్లారిన పరుగు (డిస్కు నుంచే చదివేది) కావాలంటే రూట్‌గా ప్రాక్‌లోని డ్రాప్ క్యాషెస్ ఫైలులో 3 రాసి కొలవాలి. వేడి పరుగు (ర్యామ్‌లో దాచినదాన్ని చదివేది) కావాలంటే మొదటిదాన్ని పారేసి తర్వాతి ఐదింటి సమయాలను చిన్నది నుంచి పెద్దదాకా పేర్చి మధ్యది తీసుకోవాలి. రెంటినీ కలిపి పోల్చకూడదు. రోహిణి కార్తెలో ఒంగోలులో కూర్చుని కొలిచేవాళ్లకు ఒక మాట: ల్యాప్‌టాప్ కాగితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, కరెంటు పోయి బ్యాటరీ మీదికి వస్తే మళ్లీ తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం అంకెలనూ రాత్రి అంకెలనూ పోల్చి నేను ఒక మంచి మార్పును వెనక్కి తీసేశాను.

సరే, యూజర్ సమయమే ఎక్కువని తేలింది అనుకుందాం. అప్పుడు నా చేయి వెళ్లేది లినక్స్‌లోని పెర్ఫ్ అనే ప్రొఫైలర్ మీదికే. ఇది నడుస్తున్న ప్రోగ్రామును సెకనుకు వేలసార్లు తట్టి “ఇప్పుడెక్కడున్నావ్?” అని అడిగి రాసుకుంటుంది. ప్రోగ్రాము వేగం దాదాపు మారదు, మళ్లీ ప్రత్యేకంగా కంపైల్ చేయాల్సిన పనీ లేదు. ఎవరు ఎవరిని పిలిచారో కూడా కావాలంటే మాత్రం ఫ్రేమ్ పాయింటర్ తీసేయొద్దని కంపైలర్‌కి చెప్పాలి. పెర్ఫ్ స్టాట్ అని నడిపితే ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు, ఎన్ని సైకిళ్లు, ఎన్నిసార్లు క్యాష్ (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) తప్పింది, ఎన్నిసార్లు బ్రాంచ్ అంచనా తప్పింది అన్నీ ఒక పేజీలో ఇస్తుంది. పార్సర్‌కి, అంటే ఫైలు బైట్లని విడదీసి చదివే కోడ్‌కి, ఈ పేజీ బంగారం. సైకిళ్లకంటే ఇన్‌స్ట్రక్షన్లు బాగా తక్కువుంటే, పని ఎక్కువై కాదు, చాలాసార్లు మెమరీ కోసం ఆగి ఆలస్యం అవుతోందని అర్థం.

పెర్ఫ్‌లో చిక్కులూ ఉన్నాయి. కొన్ని సిస్టముల్లో మామూలు యూజర్‌కి అనుమతి ఉండదు, పెర్ఫ్ ఈవెంట్ పారనాయిడ్ అనే సెట్టింగు తగ్గించాలి. వర్చువల్ మెషీన్‌లో హార్డ్‌వేర్ కౌంటర్లు చాలాసార్లు కనపడవు. ఓ2తో (కోడ్‌ని వేగం కోసం సర్దమని కంపైలర్‌కి చెప్పే ఆప్షన్) కంపైల్ చేస్తే చిన్న ఫంక్షన్లు పెద్దవాటిలో కలిసిపోయి, మీరు వెతికే పేరు లిస్టులోనే ఉండదు. అప్పుడు పెర్ఫ్ యానొటేట్‌తో అసెంబ్లీ లైన్లు చూడాలి. అక్కడా నేరం మోపిన లైనుకి ఒకటి రెండు లైన్ల పైన అసలు దొంగ ఉంటాడు, ఎందుకంటే తట్టిన క్షణానికీ ప్రాసెసర్ ఆగిన చోటుకీ కొంచెం జారుడుంటుంది. పేరు దొరకలేదని ఏ సర్దుడూ లేని ఓ0తో కంపైల్ చేసి కొలిచేరు, ఆ తప్పు చేయొద్దు. అలా కొలిస్తే వేరే ప్రోగ్రాముని కొలిచినట్టే. నా నాలుగు రోజుల్లో రెండు రోజులు అక్కడే పోయాయి.

జీప్రాఫ్ అనే ప్రొఫైలర్ 1982 నాటిది. పీజీ ఫ్లాగుతో కంపైల్ చేస్తే ప్రతి ఫంక్షన్ మొదట్లో లెక్కపెట్టే కోడ్ దూరుస్తుంది. పార్సర్‌లో చిన్న ఫంక్షన్లు కోట్లసార్లు నడుస్తాయి, వాటి బరువు కంటే లెక్కపెట్టే బరువే ఎక్కువైపోతుంది. కెర్నెల్‌లో గడిచిన సమయం దీనికి అందదు. కాలేజీ ల్యాబులో నేర్పారు కదా అని దీన్ని పట్టుకునేవాళ్లని చూశాను. ఈ పనికి వద్దు.

కాల్‌గ్రైండ్ వేరే జాతి. వాల్‌గ్రైండ్ లోపల ప్రోగ్రామును నకిలీ ప్రాసెసర్ మీద నడిపి ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ లెక్కపెడుతుంది. పదుల రెట్లు నెమ్మది. 10 కోట్ల పాయింట్లు ఇస్తే అద్దంకి దాకా పోయి రావచ్చు. 2 లక్షల పాయింట్ల ముక్క కోసి ఇవ్వాలి. దాని గొప్పతనం వేరే చోట ఉంది: ఎండ, కరెంటు, పక్కన తెరిచిన బ్రౌజర్, ఏవీ దాని లెక్కను మార్చవు. లూప్‌లో ఒక భాగహారం తీసేస్తే ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు తగ్గాయో కచ్చితంగా చూపిస్తుంది. కానీ ఇన్‌స్ట్రక్షన్లు తగ్గితే సమయం తగ్గుతుందన్న హామీ లేదు, డిస్కు ఆలస్యం దీనికి అసలు కనపడదు. రెండు చిన్న మార్పుల్లో ఏది మేలో తేల్చుకోవడానికి వాడండి, ఎక్కడ నానుస్తోందో వెతకడానికి కాదు.

ఎస్‌ట్రేస్‌ని సీ ఆప్షన్‌తో నడిపితే ఏ సిస్టమ్ కాల్ (కెర్నెల్‌ని పిలవడం) ఎన్నిసార్లు జరిగిందో పట్టిక ఇస్తుంది. సిస్ సమయం ఎక్కువున్నప్పుడు ఒక్కసారి చాలు. అందులో సమయాల అంకెలు నమ్మొద్దు, ఎన్నిసార్లు అన్నదొక్కటే చూడండి. విండోస్‌లో పనిచేసేవాళ్లకి విజువల్ స్టూడియోలో ఉన్న ప్రొఫైలర్ సరిపోతుంది.

ఎలా చదివించాలి

ఇక్కడ నాలుగు దారులున్నాయి.

మొదటిది ఫీల్డు తర్వాత ఫీల్డు చదవడం. కోడ్ చూడముచ్చటగా ఉంటుంది, ఫార్మాట్ డాక్యుమెంటు పక్కన పెట్టుకుని లైను లైను రాసుకోవచ్చు. పాయింటుకి 12 ఫీల్డులు, 10 కోట్ల పాయింట్లు, అంటే 120 కోట్ల పిలుపులు. సీ భాషలో ఫైలు చదివే ఎఫ్‌రీడ్ ఫంక్షన్ లోపల బఫర్ (ముందే కొంత చదివి పెట్టుకునే చోటు) ఉంది కాబట్టి ప్రతి పిలుపూ కెర్నెల్ దాకా పోదు. అయినా ప్రతిసారీ లాక్ వేసుకోవడం, మిగిలిందెంతో చూసుకోవడం తప్పదు. పిలుపుకి 10 నానోసెకన్లు అనుకుంటే 12 సెకన్లు. ఎవరైనా తెలియక బఫర్ లేని రీడ్ కాల్‌తోనే 4 బైట్లు, 2 బైట్లు అని అడిగితే పిలుపుకి 200 నానోసెకన్లు వేసుకున్నా 240 సెకన్లు. సర్వేయరన్న ఇంకో టీ తాగేయొచ్చు. హెడర్ చదవడానికి మాత్రం ఈ పద్ధతే మంచిది. 227 బైట్ల దగ్గర వేగం ఎవరికి కావాలి?

రెండోది పాయింటు మొత్తానికీ ఒక స్ట్రక్చర్ రాసుకుని, ఫైలు బైట్లను నేరుగా అందులో పోయడం. దీన్ని నేను చేసి దెబ్బతిన్నాను. 12 ఫీల్డులూ వరసగా రాస్తే మొత్తం 26 అని మనం అనుకుంటాం. కంపైలర్ మాత్రం 4 బైట్ల హద్దు కోసం చివర 2 బైట్లు కలిపి 28 చేస్తుంది. రెండో పాయింటు నుంచే 2 బైట్లు జారిపోతుంది, మూడోదానికి 4. మేనేజరుకి చూపించిన బొమ్మలో క్వారీ గుంట బదులు మరమరాలు చల్లినట్టు వచ్చింది. ప్యాక్ చేయమని కంపైలర్‌కి చెబితే ఇది పోతుంది కానీ ఇంకో గొయ్యి ఉంది: కొన్ని సాఫ్ట్‌వేర్లు రికార్డు చివర తమ సొంత బైట్లు కలుపుతాయి. ఫార్మాట్ దానికి ఒప్పుకుంటుంది. అందుకే 105వ బైటు దగ్గర ఉన్న పొడవునే నమ్మాలి, మన స్ట్రక్చర్ సైజుని కాదు.

మూడోది, నేను ఇప్పుడు వాడుతున్నది: ఒక పెద్ద ముద్ద చదివి, అందులోంచి కావలసిన బైట్లను మెమ్‌కాపీతో తీసుకోవడం. ముద్ద సైజు రికార్డు పొడవుకి గుణిజంగా పెట్టుకుంటే పాయింటు మధ్యలో తెగదు. 26ని 40,000తో గుణిస్తే 10,40,000 బైట్లు, ఒక ఎంబీకి కొంచెం ఎక్కువ. 10 కోట్ల పాయింట్లకి 2,500 రీడ్ కాల్స్ చాలు. 120 కోట్లెక్కడ, 2,500 ఎక్కడ. మెమ్‌కాపీ అంటే ఫంక్షన్ పిలుపు కదా, భారం కదా అని అడుగుతారు. 4 బైట్లని ముందే తెలిసినప్పుడు ఓ2లో కంపైలర్ దాన్ని ఒక్క మూవ్ ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తుంది. 26 బైట్ల రికార్డులో సరైన హద్దు మీద లేని చోట పాయింటర్ పెట్టి చదవడం కంటే ఇది సురక్షితం. సీ భాష నిబంధనల ప్రకారం అలా చదవడం తప్పు కూడా. పైగా ఘనపరిమాణానికి రంగులు ఎందుకు? ఎక్స్, వై, జడ్‌ల 12 బైట్లు తీసుకుని మిగతా 14 దాటేస్తే చాలు.

నాలుగోది ఎంమ్యాప్. ఫైలు మొత్తం మెమరీలో ఉన్నట్టు కనిపిస్తుంది, కాపీ ఉండదు, కోడ్ చిన్నదవుతుంది. వేడి పరుగులో బాగుంటుంది. ఫైల్లో అక్కడక్కడా దూకుతూ చదవాల్సి వస్తే దీనికి సాటి లేదు. కానీ మా ఫైలు మొదటి నుంచి చివరికి ఒకే వరసలో చదివేది. అలాంటప్పుడు పెద్ద ముద్ద కంటే పెద్దగా గెలిచేదేమీ లేదు, వరసగా చదువుతానని ఎంఅడ్వైజ్‌తో చెప్పినా సరే. ఓడిపోయే చోటు మాత్రం ఒకటుంది. చదువుతుండగా పెన్‌డ్రైవ్ ఊడినా, కాపీ సగంలో ఆగి ఫైలు కుదించుకుపోయినా రీడ్ కాల్ అయితే ఎర్రర్ తిరిగిస్తుంది, లేదంటే అడిగినదానికంటే తక్కువ బైట్లిస్తుంది. “ఫైలు తెగింది” అని చెప్పి మర్యాదగా ఆగొచ్చు. ఎంమ్యాప్‌లో అయితే బస్ ఎర్రర్ అని ప్రోగ్రామే కూలుతుంది. క్వారీ ఆఫీసులో పెన్‌డ్రైవులు ఎలా పీకుతారో చూసినవాడిగా నేను ఎంమ్యాప్ పక్కన పెట్టాను. సర్వర్‌లో, మీ చేతిలో ఉన్న డిస్కు మీద అయితే నా మాట వినక్కర్లేదు.

థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనుల) గురించి కూడా అడుగుతారు. రికార్డు పొడవు స్థిరం కాబట్టి 4 థ్రెడ్లకి తలా రెండున్నర కోట్లు పంచడం చాలా తేలిక. అయితే 75 సెకన్లలో 60 పెన్‌డ్రైవ్ కోసం ఆగుతుంటే, మిగతా 15ని నాలుగో వంతు చేసినా మొత్తం 63 పైనే. పాత హార్డ్ డిస్క్ మీదైతే నలుగురూ నాలుగు చోట్ల చదవమని లాగి ఉన్న వేగాన్నీ చెడగొడతారు. ఎస్ఎస్‌డీ ఉండి, యూజర్ సమయమే మిగిలిన తర్వాత చేయాల్సిన పని ఇది.

పెర్ఫ్ చూపించిన అసలు చోటు

ముద్దగా చదివించాక, ఫైలు ఎస్ఎస్‌డీకి మార్చాక కూడా యూజర్ సమయం నేననుకున్నంత తగ్గలేదు. అప్పుడు పెర్ఫ్ చూస్తే పార్సర్ లిస్టులో కిందెక్కడో ఉంది. పైన ఉన్నది పాయింటుని గడిలో వేసే రెండు లైన్లు.

లెక్క ఇలా జరుగుతుంది. క్వారీని పైనుంచి గళ్లుగా కోసి, ఒక్కో గడిలో పడిన పాయింట్ల ఎత్తు సగటు తీసి, పోయిన నెల సగటుతో తేడా చూసి, గడి వైశాల్యంతో గుణించాలి. నేను గడిని 10 సెంటీమీటర్లు పెట్టాను. 500 మీటర్ల పొడవు, 500 వెడల్పు ఉన్న చోటుకి 2.5 కోట్ల గళ్లు. గడికి ఎత్తుల మొత్తం, పాయింట్ల లెక్క కలిపి 8 బైట్లు వేసినా 20 కోట్ల బైట్లు, అంటే 200 ఎంబీ. ప్రాసెసర్ క్యాష్‌లో పట్టేది కాదు. పాయింట్లు ఒక వరసలో రాకపోతే ప్రతి పాయింటూ ర్యామ్‌లో ఎక్కడో ఒక మూలకి పరుగు తీయాలి. పెర్ఫ్ స్టాట్‌లో క్యాష్ తప్పిన అంకె ఇదే చెబుతోంది, నేనే చూడలేదు.

పాయింట్లని ముందే ప్రాంతాల వారీగా సర్దాలా, గ్రిడ్‌ని పలకలుగా విడగొట్టాలా అని కాగితం మీద గీస్తుంటే సర్వేయరన్న చూసి, “ఆ గడి ఎంత సైజు?” అన్నాడు. చెప్పాను. “డంపరు టైరు పక్కన పెడితే ఎంతుంటది అది? డంపు మీద రాళ్లే మీటరు మీటరు ఉంటయ్. అరమీటరు పెట్టు తమ్ముడా.”

అరమీటరు గడికి 10 లక్షల గళ్లు, 8 ఎంబీ. ప్రాసెసర్ మూడో స్థాయి క్యాష్‌లో పట్టేంత, లేదా దాని అంచున. గడికి సగటున 100 పాయింట్లు పడతాయి, కాబట్టి సగటు కూడా నిలకడగా ఉంటుంది. అదే మార్పులో ఇంకో రెండు చేశాను. స్కేలుతో గుణించడం ప్రతి పాయింటుకీ కాకుండా చివర గడికి ఒక్కసారి పెట్టాను. గడి నంబరు కోసం చేసే భాగహారాన్ని ముందే లెక్కించిన విలోమంతో గుణకారంగా మార్చాను. పూర్ణాంకాలు కూడుతున్నప్పుడు దట్టమైన గడిలో మొత్తం 32 బిట్లు దాటకుండా చూసుకోవాలి, క్వారీ అంచుల్లో నిలువు గోడల దగ్గర పాయింట్లు కుప్పగా పడతాయి. ఈ రెండు మార్పుల్లో ఏది ఎంత తగ్గించిందో తేల్చింది కాల్‌గ్రైండ్. గడి సైజు మార్పు ఎంత తగ్గించిందో చెప్పడానికి మాత్రం గోడ గడియారమే చాలింది.

ఇక లాజ్ అనే కుదించిన రూపం. ఫైలు బాగా చిన్నదవుతుంది, పెన్‌డ్రైవ్ ఆలస్యం ఆ మేరకు తగ్గుతుంది, కానీ విప్పడానికి ప్రాసెసర్ కష్టపడాలి. యూఎస్‌బీ 2.0 మీదినుంచే చదవక తప్పని వాళ్లకి లాజ్ లాభం. ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకి లాస్. దాచిపెట్టుకునే పాత నెలల ఫైళ్లకి ఎవరికైనా లాజే. విప్పే కోడ్ సొంతంగా రాయొద్దు, లాస్‌జిప్ లైబ్రరీ వాడండి. పాయింట్లని ఎక్స్, వై, జడ్ టెక్స్ట్‌గా ఇస్తామని ఎవరైనా అంటే వద్దనండి: 12 బైట్ల సమాచారం పాయింటుకి 30 అక్షరాలవుతుంది, ప్రతి అంకెనీ అక్షరాల నుంచి మళ్లీ సంఖ్యగా మార్చాలి.

నెలకోసారి ఒక ఫైలు చదివేవాళ్లు పై వాటిలో మూడు చేస్తే సరిపోతుంది: ఫైలుని ఎస్ఎస్‌డీకి కాపీ చేయడం, ముద్దగా చదవడం, గడి సైజు సర్వేయరుని అడగడం. రోజూ పది క్వారీల ఫైళ్లు వచ్చే ఆఫీసైతే పెర్ఫ్ నేర్చుకుని, ఆ తర్వాత థ్రెడ్ల దాకా వెళ్లొచ్చు. అప్పుడు మాత్రం ప్రతి థ్రెడ్‌కీ సొంత గ్రిడ్ ఇచ్చి చివర కలపాలి. నాలుగు గ్రిడ్లు 32 ఎంబీ అవుతాయి, మళ్లీ క్యాష్ దాటిపోతాయేమో పెర్ఫ్ స్టాట్‌లో చూసుకోవాలి. మా గదిలో ఆ అవసరం ఇంకా రాలేదు. పోయిన నెల సర్వేయరన్న టీ చెప్పేలోపే లెక్క వచ్చేసింది. టీ మాత్రం తాగే వెళ్లాడు.